అప్‌డేట్: కురేనీయుడైన సీమోను తర్వాత ఏమయ్యాడు?

యేసు సిలువను మోసిన సీమోను ఆ తర్వాత విశ్వాసి అయ్యాడా అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఎక్కువమంది మార్కు 15:21 చూడమన్నారు. పల్లెటూరి నుంచి వస్తున్నవాణ్ణి పట్టుకుని బలవంతంగా మోయించారు, అది తెలిసిందే. కానీ 'అలెక్సంద్రు, రూఫుల తండ్రి' అని రాసింది మార్కు ఒక్కడే. చదివే విశ్వాసులకు ఆ అన్నదమ్ములు తెలియకపోతే వాళ్ల పేర్లు చెప్పడం దేనికి? నాకు ఇదే గట్టిగా అనిపించింది. రోమా 16:13లో పౌలు వందనాలు చెప్పిన రూఫు ఇతనే అన్నారు కొందరు. ఆ రూఫు తల్లి తనకూ తల్లే అంటాడు పౌలు! వినడానికి బాగుంది గానీ, రూఫు అప్పట్లో బోలెడుమందికి ఉన్న పేరు.

ఒకరు చెప్పిన ఎముకల పెట్టె (చనిపోయినవాళ్ల ఎముకలు దాచే పెట్టె) సంగతి మాత్రం నాకు కొత్త. 1941లో యెరూషలేము దగ్గర కిద్రోను లోయ సమాధిలో దొరికిందట. దాని మీద గ్రీకులో సీమోను కొడుకు అలెక్సంద్రు అని గీసి ఉంది. పక్క పెట్టెల మీది పేర్లు కొన్ని కురేనే వైపు, అంటే ఇప్పటి లిబియా వైపు, యూదులు పెట్టుకునేవి. ఇంకేం కావాలి అనిపిస్తుంది, కానీ సీమోను, అలెక్సంద్రు కూడా మామూలు పేర్లే.

మా పాస్టర్‌గారికి చెబితే "అయ్యుండొచ్చమ్మా" అని ఊరుకున్నారు. ఆదివారం పిల్లలకు మార్కు వరకే చెబుతాను. పెట్టె గురించి మొదలుపెడితే క్లాసు అయిపోదు.