క్షమిస్తే ఆశీర్వాదం వస్తుందనే క్షమించాలా?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
అందరికీ వందనాలు. నాన్న పోయాక మామిడి తోట పంపకాల్లో మా అన్న బోరున్న వైపు తన పేరున రాయించుకున్నాడు, నాకు రాళ్ళ నేల మిగిలింది. క్షమించమంటారు, సరే. కానీ చర్చిలో సాక్ష్యాలన్నీ ఒకటే వరస, క్షమించాను, నెల తిరక్కుండా దేవుడు ఉద్యోగమిచ్చాడు, ఇల్లిచ్చాడు అని. ఏదో వస్తుందని క్షమిస్తే అది క్షమాపణేనా? ఏమీ రాకపోతే?

జవాబు (తిరుపతి):
తమ్ముడూ, ఇది బైబిల్లో యోబు గ్రంథం మొదటి అధ్యాయంలో సాతాను అడిగిందే, యోబు ఊరికే దేవుడికి భయపడుతున్నాడా అని. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం పోయినా యోబు దేవుణ్ణి వదల్లేదు, అడగాల్సినవి గట్టిగానే అడిగాడు. హబక్కూకు ప్రవక్త మాటలు, 3:17, 18 చదువు. అంజూరం పూయకపోయినా, పొలం పండకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానంటాడు. తోతాపురికి ధర లేక కాయలు చెట్టు కిందే కుళ్ళిపోతుంటే చూసిన మన రైతుకి ఆ మాట బరువు బాగా తెలుసు.

జవాబు (పలమనేరు):
1999లో ఒడిశాలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ ఇద్దరు కొడుకుల్నీ బండిలోనే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పి, కుష్ఠు రోగుల సేవలో అక్కడే ఉండిపోయింది, కొన్నేళ్ళు. పోయినవాళ్ళు తిరిగొస్తారనా? కాదు కదా. కేసు మాత్రం కోర్టులో నడిచింది. కాబట్టి బ్రదర్, వాటా అడగడం తప్పు కాదు, అన్న చెడిపోవాలని కోరుకోవద్దు, అంతే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అక్కా, అన్నా. వచ్చే నెల అన్న కొడుకు పెళ్ళి, వెళ్తాను. బోరు సంగతి పెద్దమనుషుల దగ్గర విడిగా మాట్లాడతా.