ఐస్‌లాండ్ సిల్‌ఫ్రాలో స్కూబా, మా బ్యాచ్‌కి డ్రైసూట్ కోర్సు తప్పదా?

సిక్కోలు_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది కళింగపట్నం సైడు. వచ్చే జూన్‌లో ఆరుగురం ఐస్‌లాండ్ వెళ్దామనుకుంటున్నాం, సిల్‌ఫ్రాలో (అక్కడి థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్కులో నీళ్లు నిండిన నేల పగులు) దిగాలని అందరికీ ఎప్పట్నుంచో కోరిక. నలుగురికి ఓపెన్ వాటర్ (స్కూబా మొదటి సర్టిఫికెట్) ఉంది, రుషికొండలో అండమాన్‌లో చేశాం, మిగతా ఇద్దరికి ఈత మాత్రమే వచ్చు. అక్కడ నీళ్లు ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీలే అంట. మందం వెట్‌సూట్ (లోపలికి నీళ్లొచ్చే రబ్బరు సూటు) వేసుకుంటే చలి ఆగదేటి? డైవ్ అయ్యాక ఆ రాత్రికే ఫ్లైట్ ఎక్కొచ్చా?

పలాస_యూకే:
తమ్ముడూ, వెట్‌సూట్ మాట వదిలెయ్యండి. అక్కడ పార్కు రూలే ఉంది, డ్రైసూట్ సర్టిఫికెట్ అయినా ఉండాలి, లాగ్‌బుక్‌లో 10 డ్రైసూట్ డైవ్‌లైనా ఉండాలి, లేదంటే దిగనివ్వరు. డ్రైసూట్ అంటే ఒట్టి మందం బట్ట కాదు, నీళ్లు లోపలికి రావు, లోపల గాలి ఉంటుంది, కిందకి దిగేకొద్దీ ఆ గాలి నొక్కుకుపోయి సూటు ఒంటికి పట్టేస్తుంది, అప్పుడు ఛాతీ మీద బటన్ నొక్కి కొంచెం గాలి ఎక్కించాలి, పైకొచ్చేటప్పుడు ఎడమ చెయ్యి వాల్వ్ నుంచి వదలాలి. తల కిందకీ కాళ్లు పైకీ అయ్యాయా గాలంతా కాళ్లలోకి పోయి మనిషిని తలకిందులుగా పైకి లాగేస్తుంది. ఇది ముందే నేర్చుకోవాలి, అక్కడికెళ్లి గుంపులో నేర్చుకునేది కాదు. నేను ఇంగ్లండ్‌లో స్టోనీ కోవ్‌లో నేర్చుకున్నా, మన టెక్కలి గ్రానైట్ క్వారీలాంటిదే, నీళ్లు నిండి ఉంటుంది. నలుగురూ కలిసి కోర్సు చెయ్యండి, ఎవరి బడ్డీ (నీళ్లలో జంటగా ఉండే తోడు) ఎవరో అక్కడే తేల్చుకోండి. ఒకడికి వణుకు మొదలైతే వాడి బడ్డీ కూడా వాడితో పైకి రావాలి, మొహమాటాలు వద్దు.
ఆ ఇద్దరినీ వదిలెయ్యకండి, స్నార్కెలింగ్‌కి (పైపుతో ఊపిరి పీలుస్తూ నీళ్ల మీద తేలుతూ చూడ్డం) స్కూబా సర్టిఫికెట్ అక్కర్లేదు, డ్రైసూట్ వాళ్లే ఇస్తారు. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే 100 మీటర్ల దాకా కనిపిస్తుంది, పై నుంచి చూసినా కడుపు నిండిపోద్ది.

విజయనగరం_డైవర్:
అన్న చెప్పింది కరెక్టు. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) గురించి కూడా అడగండి, చలి నీళ్లకి సీల్ చేసిన ఫస్ట్ స్టేజే (సిలిండర్‌కి తగిలించే భాగం) కావాలి. సిలిండర్ నుంచి వచ్చే గాలి అక్కడ ప్రెషర్ తగ్గేటప్పుడు బాగా చల్లబడి లోపల ఐస్ కట్టేస్తుంది, వాల్వ్ తెరుచుకునే ఉండిపోయి గాలి ఆగకుండా తన్నుకొచ్చేస్తుంది. గట్టు మీద నిలబడి ఊరికే ఊపిరి పీల్చి టెస్ట్ చెయ్యొద్దు, ఊపిరిలో తేమ గడ్డకడుతుంది. అలా గాలి ఆగకుండా వచ్చేస్తే (ఫ్రీఫ్లో అంటారు) మౌత్‌పీస్ చుట్టూ పెదాలు బిగించకుండా కొంచెం కొంచెం పీలుస్తూ బడ్డీతో పైకి రండి.
ఆ రాత్రి ఫ్లైట్ మాత్రం వద్దు బాబూ. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటి దాటితే 18 గంటలు ఆగాలి. డైవింగ్ ముందు రోజుల్లో పెట్టుకుని, ఊర్లు తిరగడం తర్వాత పెట్టుకోండి.

సిక్కోలు_కుర్రోడు:
చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. కోర్సు అయ్యాకే టికెట్లు తీస్తాం. స్టోనీ కోవ్‌లో కోర్సుకి ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

పలాస_యూకే:
రెండు రోజులు ఉంచుకో తమ్ముడూ, ముందు పూల్‌లో చేయించి తర్వాత క్వారీలో దింపుతారు.