డిస్క్ మీద ఏ ఫైల్ సిస్టమ్ ఉందో, ఎక్కడ మౌంట్ అయిందో (ఏ డైరెక్టరీకి తగిలించి ఉందో) తేల్చుకునేది ఎలా?

ప్రశ్న:
రెడ్ హ్యాట్ తరహా లినక్స్ నడిచే వర్చువల్ మెషీన్‌లో /వార్ 94 శాతం నిండింది. డిస్క్‌ని 40 జీబీ నుంచి 80 జీబీకి పెంచి, పార్టిషన్, దాని మీదున్న ఎల్‌వీఎమ్ (డిస్క్ చోటుని వాల్యూమ్‌లుగా పంచే పొర) ఫిజికల్ వాల్యూమ్, లాజికల్ వాల్యూమ్ కూడా పెంచాం. చివర్లో ఫైల్ సిస్టమ్‌ని పెంచడానికి రీసైజ్2ఎఫ్ఎస్ కొడితే ‘సూపర్‌బ్లాక్‌లో బ్యాడ్ మ్యాజిక్ నంబర్’ అని ఆగిపోతోంది. /డెవ్/ఎస్‌డీఏ3 మీద ఏముందో చూడటానికి బీఎల్‌కేఐడీ నడిపితే ‘ఎల్‌వీఎమ్2 మెంబర్’ అని వస్తోంది, ఫైల్ సిస్టమ్ పేరు లేదు. డిస్క్ పాడైందా? ఇదే ర్యాక్‌లో సోలారిస్ 10 మెషీన్ ఒకటి, ఏఐఎక్స్ మెషీన్ ఒకటి ఉన్నాయి (రెండూ యూనిక్స్ రకాలు). వాటిలో ఈ వివరాలు ఎలా చూడాలి?

జవాబు 1:
డిస్క్‌కి ఏమీ కాలేదండీ. మీ /వార్ ఎక్స్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అయి ఉంటుంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి డిఫాల్ట్ అదే. రీసైజ్2ఎఫ్ఎస్‌కి ఎక్స్‌ట్2, 3, 4 తప్ప ఇంకేదీ తెలియదు. 1024వ బైట్ దగ్గర మొదలయ్యే సూపర్‌బ్లాక్‌లో (ఫైల్ సిస్టమ్ తన వివరాలు రాసుకునే చోట) ఈఎఫ్53 అనే గుర్తు కోసం వెతుకుతుంది. ఎక్స్‌ఎఫ్ఎస్ గుర్తు మొదటి నాలుగు బైట్లలోనే ఉంటుంది కాబట్టి దానికి కనిపించదు. ఈ ఎర్రర్ చూసి ఎవరైనా బ్యాకప్ సూపర్‌బ్లాక్‌తో ఈ2ఎఫ్ఎస్‌సీకే (ఎక్స్‌ట్ ఫైల్ సిస్టమ్‌ని రిపేర్ చేసే కమాండ్) నడపమంటే దయచేసి నడపకండి.

బీఎల్‌కేఐడీ కూడా నిజమే చెప్పింది. ఎస్‌డీఏ3 ఎల్‌వీఎమ్‌కి ఇచ్చిన పార్టిషన్, ఫైల్ సిస్టమ్ దాని మీదున్న లాజికల్ వాల్యూమ్‌లో ఉంది. ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొడితే డిస్క్, పార్టిషన్, వాల్యూమ్ చెట్టులా వచ్చి, ఒక్కోదాని పక్కన రకం, యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య), మౌంట్ పాయింట్ కనిపిస్తాయి.

ఇక్కడ మూడు వేర్వేరు సమాచారాలున్నాయి, వాటిని కలపకూడదు. డిస్క్ మీద నిజంగా రాసి ఉన్నది బీఎల్‌కేఐడీ -పీ చెబుతుంది. రూట్ యూజర్‌గా (అడ్మిన్‌గా), డివైస్ పేరిచ్చి నడపండి. మామూలు యూజర్‌గా -పీ లేకుండా నడిపితే పాత క్యాష్ చూపించవచ్చు. ఇప్పుడు కెర్నల్ దేన్ని ఎక్కడ మౌంట్ చేసిందో ఫైండ్‌మౌంట్ (టైప్ చేసేది ఫైండ్‌ఎమ్ఎన్‌టీ) చెబుతుంది. /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఉన్నది మాత్రం బూట్ అప్పుడు ఏవి మౌంట్ కావాలో మనం రాసుకున్న కోరిక. చేత్తో మౌంట్ చేసినవి అందులో ఉండవు, అందులో ఉన్నవన్నీ మౌంట్ అయ్యాయనీ కాదు. ఫైండ్‌మౌంట్ --వెరిఫై ఇస్తే ఆ ఫైల్లో తప్పులు రీబూట్‌కి ముందే బయటపడతాయి.

మీ పనికి: ఎక్స్‌ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్ /వార్. దీనికి మౌంట్ పాయింట్ ఇవ్వాలి, రీసైజ్2ఎఫ్ఎస్‌కి డివైస్ ఇస్తాం. సర్వర్ ఆపక్కర్లేదు. మళ్లీ ఎప్పుడైనా లాజికల్ వాల్యూమ్ పెంచేటప్పుడు ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌కి -ఆర్ చేర్చండి, రకం చూసుకుని ఫైల్ సిస్టమ్‌నీ అదే పెంచుతుంది. ఎక్స్‌ఎఫ్ఎస్‌ని తిరిగి చిన్నది చేయడం కుదరదనే లెక్కలో ఉండండి, ఎంత పెంచాలో ముందే ఆలోచించుకోవాలి.

జవాబు 2:
పై జవాబుకి చిన్న చేర్పు. చాలామంది ముందు డీఎఫ్ (డిస్క్ వాడుక చూపే కమాండ్) -టీ కొడతారు, టీ క్యాపిటల్, మంచిదే. కానీ ఎన్‌ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) సర్వర్ పడిపోయి ఉంటే ఆ కమాండ్ అక్కడే వేలాడుతుంది, ఎందుకంటే ప్రతి మౌంట్‌నీ ఖాళీ ఎంతని అడుగుతుంది. ఫైండ్‌మౌంట్‌ని మామూలుగా నడిపితే కెర్నల్ పట్టిక చదివి ఊరుకుంటుంది, ఆగదు. లోకల్ డిస్కులే చాలనుకుంటే డీఎఫ్‌కి -ఎల్ ఇవ్వండి. ఏదో ఒక ఫైల్ ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో కావాలంటే ఫైండ్‌మౌంట్ -టీ (క్యాపిటల్) తర్వాత ఆ ఫైల్ దారి రాస్తే చాలు.

స్టాట్ -ఎఫ్ మీద మాత్రం ఆధారపడకండి. ఎక్స్‌ట్4 అయినా ‘ఎక్స్‌ట్2/ఎక్స్‌ట్3’ అనే చూపిస్తుంది, మూడింటి గుర్తూ ఒకటే కాబట్టి.

అడిగినవారు:
ఎక్స్‌ఎఫ్ఎస్సేనండీ, /వార్ పెరిగింది. ధన్యవాదాలు. ఇంకో సందేహం: రూట్ ఫైల్ సిస్టమ్‌లో (/) 11 జీబీ వాడుకలో ఉందని డీఎఫ్ అంటోంది, ఆ ఒక్క ఫైల్ సిస్టమ్‌లోని ఫైళ్ల సైజుల్ని డీయూ -ఎక్స్‌తో కూడితే 5 జీబీ దాటడం లేదు.

జవాబు 2:
రెండు కారణాలు చూడాలి. తుడిచేసిన ఫైల్‌ని ఏదైనా ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉండొచ్చు: ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 ఇవ్వండి, ఎల్ క్యాపిటల్. అక్కడ ఏమీ లేకపోతే, /వార్ మౌంట్ కాకముందు అదే డైరెక్టరీలో పడిన ఫైళ్లు అడుగున ఉండిపోయినట్టు. పైన ఇంకో ఫైల్ సిస్టమ్ కూర్చుంది కాబట్టి అవి డీయూకి కనపడవు, చోటు మాత్రం రూట్‌లోనే తింటాయి. రూట్‌నే /ఎమ్ఎన్‌టీ దగ్గర ఇంకోసారి చూపించేలా మౌంట్ --బైండ్ / /ఎమ్ఎన్‌టీ చేయండి. ఈ బైండ్‌లో కింది మౌంట్లు రావు, అందుకని /ఎమ్ఎన్‌టీ/వార్‌లో దాక్కున్నవన్నీ కనిపిస్తాయి. చూసి, అనవసరమైనవి తీసేసి, అన్‌మౌంట్ చేయండి.

జవాబు 3:
సోలారిస్, ఏఐఎక్స్ గురించి ఎవరూ చెప్పలేదు.

సోలారిస్‌లో డీఎఫ్ -ఎన్ కొడితే ప్రతి మౌంట్ పాయింట్ పక్కన రకం వస్తుంది. మౌంట్ కాని స్లైస్‌కి (సోలారిస్‌లో పార్టిషన్ లాంటిది) ఎఫ్ఎస్‌టీవైపీ కమాండ్, దాని తర్వాత /డెవ్/ఆర్‌డీఎస్‌కే కింద ఉన్న స్లైస్ పేరు. ఇప్పుడు మౌంట్ అయినవి /ఈటీసీ/ఎమ్ఎన్‌టీట్యాబ్‌లో, బూట్ అప్పుడు కావలసినవి /ఈటీసీ/వీఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఉంటాయి. జెడ్‌ఎఫ్ఎస్ (సోలారిస్‌లో వాడే ఒక ఫైల్ సిస్టమ్) అయితే వీఎఫ్ఎస్‌ట్యాబ్‌లో మామూలుగా కనపడదు, మౌంట్ పాయింట్ ఆ డేటాసెట్ (జెడ్‌ఎఫ్ఎస్‌లో ఒక్కో ఫైల్ సిస్టమ్) ప్రాపర్టీగానే ఉంటుంది: జెడ్‌ఎఫ్ఎస్ గెట్ మౌంట్‌పాయింట్.

ఏఐఎక్స్‌లో ఎల్ఎస్ఎఫ్ఎస్ చూపించేది /ఈటీసీ/ఫైల్‌సిస్టమ్స్‌లో రాసి ఉన్నది, అంటే మీ ఎఫ్ఎస్‌ట్యాబ్‌తో సమానం. నిజంగా మౌంట్ అయినవాటికి ఆప్షన్లు లేకుండా మౌంట్ కొట్టి వీఎఫ్ఎస్ కాలమ్ చూడండి. ఎల్ఎస్‌వీజీ -ఎల్ రూట్‌వీజీ (సిస్టమ్ ఉండే వాల్యూమ్ గ్రూప్ పేరు) కొడితే రకం, వాల్యూమ్ స్థితి, మౌంట్ పాయింట్ ఒకే వరసలో వస్తాయి. ఫైల్ సిస్టమ్ పక్కన ‘క్లోజ్డ్’ అని ఉంటే అది మౌంట్ కాలేదు. అక్కడ పెంచడం తేలిక: సీహెచ్‌ఎఫ్ఎస్ -ఏ సైజ్=+10జీ /వార్ అంటే, వాల్యూమ్ గ్రూప్‌లో చోటుంటే లాజికల్ వాల్యూమ్, ఫైల్ సిస్టమ్ రెండూ ఒకేసారి పెరుగుతాయి.