80 మీటర్ల హ్యామ్ రేడియో బ్యాండ్‌లో ఏమీ వినపడట్లేదు: రిసీవర్ చెవిటిదా, నాయిసే ఎక్కువా?

కాజీపేట_కొత్తహ్యామ్:
అన్నలూ, లైసెన్స్ వచ్చి ఏడాది కూడా కాలేదు, తప్పుంటే తిట్టకండి. ఇల్లు రైల్వే స్టేషన్‌కి దగ్గర. డాబా మీద 80 మీటర్ల బ్యాండ్‌కి ఇన్వర్టెడ్ వీ (నడుమ ఎత్తుగా, రెండు కొసలు కిందికి వంచిన తీగ డైపోల్ యాంటెన్నా) కట్టాను, రిగ్ (రేడియో సెట్టు) సెకండ్ హ్యాండ్‌ది. సాయంత్రం ఆరు దాటిందంటే 3.5 మెగాహెర్ట్జ్‌లో (80 మీటర్లంటే అదే) సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ ఎస్7 దగ్గర కూర్చుంటుంది, ఇక దిగదు. రాజమండ్రి వైపు నుంచి ఒకాయన రోజూ వస్తాడు, గుసగుస తప్ప మాట తెలియదు. 20 డీబీ ప్రీయాంప్ (యాంటెన్నాకీ రిగ్‌కీ మధ్య పెట్టే యాంప్లిఫయర్) తెప్పించి పెట్టాను, మీటర్ ఎస్9 దాటి పోయింది కానీ ఆయన గుసగుస గుసగుసే. ఇప్పుడు ఇంకో రిగ్ అమ్మకానికి వచ్చింది, సెన్సిటివిటీ (వినగలిగే అతి చిన్న సిగ్నల్) 0.13 మైక్రోవోల్ట్ అంటున్నారు, నా దానికి మాన్యువల్‌లో 0.2 అని ఉంది. ఇరవై వేలు ఎక్కువ పెట్టాలి. కొనమంటారా? 475 కిలోహెర్ట్జ్ కూడా వినాలని ఆశ, అక్కడైతే గరగర కూడా సరిగ్గా లేదు.

హన్మకొండ_డైపోల్:
ఆ ఇరవై వేలు జేబులోనే ఉంచుకో తమ్ముడూ. 0.2కీ 0.13కీ తేడా నాలుగు డీబీ కూడా లేదు, అది నీ సమస్యే కాదు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) పీ.372 సిఫార్సులో జనం ఉండే వీధుల్లో కరెంటు సామాన్ల నుంచి వచ్చే నాయిస్‌కి ఒక లెక్క ఉంది. దాని ప్రకారం 3.5 దగ్గర అది థర్మల్ నాయిస్ (వేడి వల్ల ఎప్పుడూ ఉండే కనీస గోల) కంటే సుమారు 57 డీబీ పైన ఉంటుంది. ఎస్ఎస్‌బీ (మనం మాట్లాడే పద్ధతి) సిగ్నల్ వెడల్పుకి లెక్కేస్తే మైనస్ 83 డీబీఎం, అంటే 16 మైక్రోవోల్ట్‌ల దగ్గర. నీ రిగ్ 0.2 వినగలదు, ఊరి గోల దానికి ఎనభై రెట్లు! ఎస్7 అంటే మైనస్ 85, కాబట్టి నీ మీటర్ చెప్పేది సరిగ్గా ఊరి లెక్కే. ప్రీయాంప్ ఆయన మాటనూ గోలనూ కలిపే పెంచింది. మేడారం జాతరలో పక్కవాడి మాట వినపడట్లేదని మైకు వాల్యూమ్ పెంచినట్టు.

నా మాట కూడా నమ్మకు, కొలిచి చూడు. ముందు ఏజీసీ (గెయిన్‌ని తనంతట తానే సర్దే సర్క్యూట్) ఆపెయ్, అది ఆన్‌లో ఉంటే సిగ్నల్ లేనప్పుడు గెయిన్ పెంచి చెవిని మోసం చేస్తుంది. వాల్యూమ్ తక్కువలో పెట్టి స్పీకర్ తీగల మీద మల్టీమీటర్ ఏసీ మిల్లీవోల్ట్‌లలో పెట్టు. యాంటెన్నా పీకి అక్కడ దాని బదులు 50 ఓమ్‌ల రెసిస్టర్, అదే డమ్మీ లోడ్, తగిలించి చూడు (పొరపాటున పీటీటీ, అంటే ట్రాన్స్‌మిట్ బటన్, నొక్కకు), తర్వాత యాంటెన్నా పెట్టి చూడు. పది డీబీ పెరిగితే రిసీవర్ చాలు, అంతకంటే మంచి చెవి దండగ. మీటర్ లేకపోతే రిగ్‌లో ఉన్న అటెన్యుయేటర్ (వచ్చే సిగ్నల్‌ని తగ్గించేది) ఆన్ చెయ్. గోల తగ్గినా మాట అంతే స్పష్టంగా ఉంటే నీ దగ్గర సెన్సిటివిటీ మిగిలిపోతున్నట్టే లెక్క. నేను ఎండాకాలం రాత్రుళ్ళు 80 మీద అటెన్యుయేటర్ లేకుండా కూర్చోను, చెవులు కాస్త బతుకుతాయి.

గోదావరిఖని_లాంగ్‌వైర్:
పై అన్న 80కి చెప్పింది కరెక్టే, 475కి మాత్రం కథ వేరు. చాలా హ్యామ్ రిగ్‌లు మీడియం వేవ్ దగ్గరా అంతకు కిందా కావాలనే సెన్సిటివిటీ తగ్గించుకుంటాయి. పైగా నీ డైపోల్ అక్కడ మరీ పొట్టి, అందులోకి సిగ్నల్, నాయిస్ రెండూ తక్కువే వస్తాయి. ఇదే పరీక్ష అక్కడ చేస్తే యాంటెన్నా పెట్టినా తీసినా తేడా కనపడకపోవచ్చు. అలా అయితే రిగ్ నిజంగానే చెవిటిది, ప్రీయాంప్ పనికొచ్చే చోటు అదే. కానీ ఫిల్టర్ లేకుండా పెట్టావంటే 738 కిలోహెర్ట్జ్‌లో ఆకాశవాణి హైదరాబాద్ స్టేషన్ నేరుగా లోపల కూర్చుంటుంది. ట్యూన్ చేసిన లూప్ యాంటెన్నా (చుట్టలా చుట్టిన తీగ) అయితే ఆ ఫిల్టర్ పని కూడా అదే చేస్తుంది.

ఇంకోటి, గోల ఇంట్లోదా బయటిదా ముందు తేల్చుకో. రిగ్‌ని బ్యాటరీ మీద పెట్టి మెయిన్ స్విచ్ దించు. యాభై, వంద కిలోహెర్ట్జ్‌లకొకటి గుట్టలా కనపడి మెల్లగా జరుగుతుంటే అడాప్టర్లు, ఎల్ఈడీలు. వంద హెర్ట్జ్ బజ్ వచ్చి, వాన పడగానే ఆగితే స్తంభం మీద ఎక్కడో స్పార్క్. వానలో పెరిగితే హైటెన్షన్ లైన్ కరోనా (తీగ చుట్టూ గాల్లోకి కరెంటు లీకయ్యే చరచర), అది మా దగ్గర మస్తుగా ఉంది. బోరు మోటార్లను ఊరికే అనుమానిస్తారు, అవి తిరుగుతున్నంతసేపు ఏమీ అనవు, స్టార్టర్ పడ్డప్పుడు టక్‌మంటాయి అంతే.

కాజీపేట_కొత్తహ్యామ్:
అన్నా, నిన్న రాత్రి చేసేశా. 3.5లో యాంటెన్నా లేకుండా 4 మిల్లీవోల్ట్‌లు, పెడితే 400! అంటే 40 డీబీ కదా? ప్రీయాంప్ అప్పుడే విప్పేశాను. 475లో మాత్రం 4కి 5, ఖని అన్న చెప్పినట్టే. మెయిన్ దించితే ఎస్7 కాస్తా ఎస్5కి పడింది. ఎంసీబీలు ఒక్కొక్కటే ఎక్కిస్తూ పోతే దొంగ దేవుడి గదిలో దొరికాడు, సీరియల్ బల్బుల అడాప్టర్. అది పీకగానే రాజమండ్రి ఆయన పేరు, ఊరు, ఆయన ఇంటి ముందు వాన సంగతి అన్నీ వినపడ్డాయి. అమ్మ మాత్రం అస్సలు ఒప్పుకోవట్లేదు, దేవుడికి లైట్లు తీసి రేడియో వింటావా అని. గూడ్స్ బండి పోయినప్పుడు పైన పాంటోగ్రాఫ్ (ఇంజన్ మీద కరెంటు తీగని తాకే చట్రం) చరచర ఎలాగూ తప్పదు, దాన్ని వదిలేశా.

హన్మకొండ_డైపోల్:
అమ్మతో గొడవ వద్దు. ఆ అడాప్టర్ తీగని ఫెరైట్ రింగ్‌లో ఎనిమిది పది చుట్లు తిప్పు, అడాప్టర్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. తగ్గకపోతే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం అడాప్టర్ అదే వోల్టేజీది వెతుకు, బరువుగా ఉంటుంది చూడు, అది.

కాజీపేట_కొత్తహ్యామ్:
సరే అన్నా. 475కి లూప్ కూడా కడతా. వైరు ఎక్కడ దొరుకుతుంది?

గోదావరిఖని_లాంగ్‌వైర్:
ఏ మోటార్ వైండింగ్ షాపుకైనా పో, ఎనామెల్ రాగి వైరు తూకానికి ఇస్తారు. పావుకిలో చాలు.