రాత్రి కార్న్‌ఫ్లోర్ డోసు నాలుగు గంటలు నిలవడం లేదు

మా పిల్లోడికి నాలుగేళ్లు, 16 కిలోలు. జబ్బు జీఎస్‌డీ 1ఎ (గ్లైకోజన్ స్టోరేజ్ డిసీజ్): లివర్‌లో నిల్వ ఉన్న చక్కెర రక్తంలోకి రాదు, తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. పచ్చి కార్న్‌ఫ్లోర్ నెమ్మదిగా అరుగుతూ దాన్ని నిలబెడుతుంది. మాది కావలి దగ్గర. డాక్టరు చెప్పినట్టు కిలోకి 1.6 గ్రాముల లెక్కన 26 గ్రాముల పచ్చి కార్న్‌ఫ్లోర్, 60 మి.లీ. చల్లటి నీళ్లలో కలిపి నాలుగు గంటలకోసారి తాగిస్తున్నాం.

మూడు వారాల కిందట బ్రాండు మారింది. పాతది ఇక్కడా నెల్లూరులోనూ ఒంగోల్లోనూ దొరకట్లేదు. అప్పట్నుంచి రాత్రి 10కి ఇస్తే ఒంటిగంటకు షుగర్ 84, రెండింటికి 58. పగలు మధ్యలో తిండి పడుతుంది కాబట్టి తేడా కనిపించదు.

కొలత డిజిటల్ కాటా మీదే. ఎప్పటికప్పుడే కలుపుతున్నాం. వేడి నీళ్లు తగలనివ్వం, ఉడికితే పిండి త్వరగా అరిగిపోతుంది. నిమ్మరసం, పంచదార, పాలు ఏవీ కలపం. రెండో మీటరుతో చూసినా అంతే. డాక్టరు ప్రస్తుతానికి మూడున్నర గంటలకోసారి ఇవ్వమన్నారు. షుగర్ నిలబడుతోంది గానీ పొద్దునకి కడుపు ఉబ్బి, గ్యాసుతో ఏడుస్తున్నాడు, చూడలేకపోతున్నాం. కొట్లో మొక్కజొన్న పిండి అని ఇచ్చేది వేరు, అది దీనికి పనికిరాదు.

జీఎస్‌డీ పిల్లలున్నవాళ్లు చెప్పండి: మీకు రాత్రి నాలుగు గంటలూ షుగర్ 70కి పైన నిలబెడుతున్న కార్న్‌ఫ్లోర్ ఏ బ్రాండు, ఎక్కడ కొంటున్నారు?