అప్‌డేట్: 43 ఏళ్లకే అంగస్తంభన సమస్య, కారణం తెలిసింది

ఆరు నెలలుగా అంగం సరిగా గట్టిపడటం లేదని, రాయగడలో ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదని నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు షుగర్ చూపించుకో అన్నా" అన్న తమ్ముడి మాటే నిజమైంది.

బరంపురంలో యూరాలజిస్టును కలిశాను. రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారని అడిగారు. మూడుసార్లు. ఎండలకు నీళ్లు ఎక్కువ తాగడం వల్లేమో అనుకున్నాను ఇన్నాళ్లూ! రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 9.2 వచ్చింది. 6.5, ఆపైన ఉంటే షుగర్ అంటారు. అది రక్తనాళాలను, నరాలను దెబ్బతీస్తే అంగానికి రక్తం సరిగా చేరదట.

మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ నార్మల్. సంతలో 1,800 పెట్టి కొన్న లేహ్యం దండగ. పెళ్లికి ముందు అలవాట్ల గురించి పడ్డ బాధా అనవసరమే.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, రోజూ నడక మొదలుపెట్టాను, బీడీ మానేశాను. అవసరమైనప్పుడు గంట ముందు అంగస్తంభన మాత్ర సిల్డెనాఫిల్ 50 ఎంజీ. అది రాసే ముందు గుండెకు నైట్రేట్ మాత్రలు వాడుతున్నారా అని రెండుసార్లు అడిగారు. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి దయచేసి సొంతంగా కొని వేసుకోకండి. మొదటిసారి కడుపునిండా వేపుళ్లు తిని వేసుకున్నాను, పనిచేయలేదు. తేలిగ్గా తిన్న రోజు పనిచేసింది.

ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 7.1. పోయిన వారం మాత్ర లేకుండానే బాగుంది. మా ఆవిడకు మొదటే చెప్పి ఉండాల్సింది, తను నాకంటే ఎక్కువ టెన్షన్ పడిందట.