సంజ్ఞా భాష రాని వారికి బధిర పిల్లల టీచరుగా లైసెన్సు ఇవ్వవచ్చా?

హనుమకొండ విద్యార్థిని:

వినికిడి లోపం విభాగంలో బి.ఎడ్. స్పెషల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కోర్సు పూర్తయ్యాక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకుంటే సి.ఆర్.ఆర్. నంబరు వస్తుంది. ఆ నంబరే మాకు లైసెన్సు. 1992 నాటి చట్టం ప్రకారం అది లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంత గట్టి చట్టం ఉన్న లైసెన్సు కదా, దాన్ని చేతిలో పెట్టే ముందు నాకు సంజ్ఞా భాష వచ్చో రాదో ఎవరైనా కూర్చోబెట్టి చూస్తారనుకున్నాను. నా విషయంలో ఇంతవరకు ఎవరూ చూడలేదు. మొదటి ఏడాదిలో అక్షరాలు, అంకెలు, కొన్ని పదాలు నేర్పారు, అంతే.

బోధనాభ్యాసం కోసం నన్ను ఒక ప్రత్యేక పాఠశాలకు పంపారు. మూడో తరగతి. విరామంలో ఒక బాబు వచ్చి చేతులతో ఏదో అడిగాడు. అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు, మూడోసారి ఇంకా నెమ్మదిగా అడిగాడు. నేను నవ్వి తల ఊపాను. వాడు నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి వెళ్లిపోయాడు. అక్కడి ఆయమ్మను అడిగితే, "రేపు శనివారమేనా అని అడిగాడమ్మా, శనివారం వాళ్ల నాన్న వస్తాడు" అంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) చూసి ఏ చెవిలో ఎన్ని డెసిబెల్స్ లోపమో చెప్పగలను. రేపు ఏ వారమో ఆ పిల్లవాడికి చెప్పలేకపోయాను.

నేను అడిగేది ఒక్కటే. సంజ్ఞా భాషలో ముఖాముఖి పరీక్ష పెట్టి, అందులో నెగ్గినవారికే నమోదు ఇవ్వాలి. మీరేమంటారు?

పరకాల అమ్మ:

నేను ఒప్పుకోను. మా పాపకు మూడేళ్ల వయసులో కాక్లియర్ ఇంప్లాంట్ (వినడానికి ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే పరికరం) చేయించాం. తరువాత రెండేళ్లు వారానికి రెండుసార్లు బస్సులో హనుమకొండకు తిప్పి స్పీచ్ థెరపీ ఇప్పించాను. ఇప్పుడు రెండో తరగతి. "అమ్మా, ఆకలి" అని నోటితో చెబుతుంది. ఆ రెండు మాటల కోసం ఎన్ని రోజులు ఎదురుచూశానో నాకే తెలుసు. టీచరు చేతులు ఊపడం మొదలుపెడితే పాప చూడటానికి అలవాటుపడుతుంది, వినడం మానేస్తుంది. పిల్లలు ఏది తేలికైతే దాన్నే పట్టుకుంటారు. మాట నేర్పే టీచర్లే తక్కువగా ఉన్నారు, ముందు వాళ్లను తయారు చేయండి.

కరీంనగర్ విశ్రాంత ఉపాధ్యాయుడు:

పరకాల అమ్మగారి బాధ నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లకు పైగా బధిర పిల్లలకు మాట నేర్పాను. అద్దం ముందు పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేతిని నా గొంతు మీద, ముక్కు మీద పెట్టించేవాణ్ని. 'మ' అంటే ముక్కు అదురుతుంది, 'బ' అంటే గొంతు అదురుతుంది, 'ప' అంటే రెండూ అదరవు. ఒక్క అక్షరానికి ఒక్కోసారి నెల పట్టేది. అది గొప్ప విద్య, దాన్ని తక్కువ చేస్తే ఊరుకోను.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాకు శిక్షణ ఇచ్చినప్పుడు సంజ్ఞలు మాటకు శత్రువులని చెప్పారు. తరగతిలో చేతులు కదిపితే కట్టుకుని కూర్చోమనేవాణ్ని. వినికిడి కొంత మిగిలి ఉన్న పిల్లలు మాటకు వచ్చారు. ఏమీ వినపడని పిల్లల్లో చాలామంది పదో తరగతికి వచ్చేసరికి మాటా సరిగా రాలేదు, చదువూ రాలేదు. వాళ్లు హాస్టల్ గదిలో రాత్రిపూట చేతులతో ఎన్ని కథలు చెప్పుకునేవారో ఉద్యోగం చివరి రోజుల్లో గానీ చూడలేదు. ఆ భాషను తరగతిలోకి రానివ్వనిది నేనే.

డి.ఎస్.సి. అభ్యర్థి, వరంగల్:

2024 తెలంగాణ డి.ఎస్.సి. (టీచర్ల నియామక పరీక్ష)లో మొత్తం 11,062 పోస్టులు. వాటిలో ప్రత్యేక విద్యకు స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్.జి.టి.లు (ప్రాథమిక తరగతుల టీచర్లు) 796. వీటి కోసం డిగ్రీ, స్పెషల్ బి.ఎడ్. లేదా డి.ఎడ్., సి.ఆర్.ఆర్., టెట్, ఆ పైన డి.ఎస్.సి. ఇన్ని గడపలు దాటుతున్నాం. ఇంకో పరీక్ష పెడతామంటే పేద పిల్లలం ఎక్కడికి పోవాలి? సంజ్ఞా భాష నేర్పే చోటు జిల్లాలో ముందు చూపించండి, తరువాత పరీక్ష అడగండి.

కాజీపేట నుంచి, పుట్టుకతో బధిరుణ్ని:

చర్చంతా మా గురించే కాబట్టి నేనూ రాస్తున్నాను. తెలుగు నేను కంటితో నేర్చుకున్న భాష, చెవితో కాదు.

పరకాల అమ్మగారూ, అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా మూడు మాటలు పలికి చూడండి: మాట, పాట, బాట. పెదవులు మూడింటికీ ఒకేలా కదులుతాయి. 'కాకి' అనండి, పెదవులు అసలు కలవవు. మా టీచర్లు పెదవులు చూడమనేవారు, చూసేవాణ్ని. ఏ మాట అన్నారో వెనకా ముందూ చూసి ఊహించుకోవాలి. పాఠమే కొత్తదైతే ఊహకు ఆధారం ఏది?

తెలుగు నాకు ఎలా వచ్చిందో చెబుతాను. ఐదో తరగతి దాకా నాకు విభక్తులు పట్టుబడలేదు. "అమ్మ నేను పుస్తకం ఇచ్చింది" అని రాసేవాణ్ని. టీచరు ఎర్ర సిరాతో కొట్టేసి "నాకు" అని రాసేవారు, నేను ఆ మాటను చూసి రాసేవాణ్ని, మర్నాడు మళ్లీ అదే తప్పు. ఆరో తరగతిలో వచ్చిన టీచరుకు సంజ్ఞా భాష వచ్చు. మన సంజ్ఞా భాషలో 'ఇవ్వడం' అనే సంజ్ఞ ఇచ్చేవారి దగ్గర మొదలై పుచ్చుకునేవారి వైపు వెళుతుంది. ఆయన అమ్మ ఉన్నట్టు ఒక పక్క చూపించి, అక్కడి నుంచి చేతిని నా గుండె దాకా తెచ్చి ఆపారు. ఆపిన చోట బోర్డు మీద "నాకు" అని రాశారు. తరువాత నా దగ్గర మొదలుపెట్టి అటు తీసుకెళ్లారు, "అమ్మకు" అని రాశారు. 'కు' అంటే చెయ్యి ఆగే చోటు. ఆ ఒక్క పీరియడులో నాకు తెలిసింది. ఐదేళ్లు ఎర్ర సిరా చేయలేని పని అది.

1880లో మిలాన్‌లో బధిర విద్యావేత్తలు సమావేశమై సంజ్ఞలు తీసేసి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానించారు. వందకు పైగా ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కరే. ఆ తీర్మానాలను తోసిపుచ్చుతున్నామని అదే వరుస అంతర్జాతీయ సమావేశం వాంకూవర్‌లో చెప్పడానికి 2010 దాకా పట్టింది. నడుమ పోయిన తరాల్లో కరీంనగర్ సారు గారి విద్యార్థులూ ఉన్నారు. ఆయన దాన్ని దాచకుండా రాసినందుకు నమస్కారం.

భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) టీచరు, ములుగు జిల్లా:

డి.ఎస్.సి. అభ్యర్థి మాటలో నిజముంది, కానీ దాని నుంచి ఆయన తేల్చింది తప్పు. నేను మండలానికి రిసోర్స్ పర్సన్‌ను. చదివింది మేధో వైకల్యం విభాగం. నా కేంద్రానికి వచ్చేవాళ్లలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప ఉంది, బుద్ధి మాంద్యం ఉన్న పిల్లలున్నారు, బధిర బాలుడు ఒక్కడు. వాడి ఊళ్లో ఇంకో బధిరుడు లేడు. ఇంట్లో వాళ్లు సొంతంగా చేసుకున్న నాలుగు సైగలే వాడి భాష. పన్నెండేళ్లు వచ్చినా "నిన్న", "రేపు" చెప్పలేడు. నేను ఫోనులో సంజ్ఞా భాషా నిఘంటువు వీడియోలు చూసి రోజుకు ఐదు పదాలు నేర్చుకుని వాడికి చూపిస్తున్నాను. ఢిల్లీలో 2015లో పెట్టిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన నిఘంటువు అది, 2021 నాటికి పదివేల పదాలు చేరాయి. పదాలైతే దొరుకుతున్నాయి. వాటితో ఎదుటి మనిషితో మాట్లాడటం మాత్రం వీడియో నేర్పదు.

నేర్పే చోటు లేదని పరీక్ష వద్దంటే, ఆ చోటు ఎప్పటికీ రాదు. పరీక్ష ఉంటేనే కాలేజీలు నేర్పేవాళ్లను పెట్టుకుంటాయి. నాలాంటి వాళ్లకు రెండు మూడేళ్ల గడువు ఇవ్వండి. ఎలాగూ ఐదేళ్లకోసారి నమోదు పునరుద్ధరించుకోవాలి, దానికి పునశ్చరణ శిక్షణల పాయింట్లు చూపించాలి. ఆ శిక్షణల్లో సంజ్ఞా భాషను తప్పనిసరి చేయండి, వచ్చి కూర్చుంటాం.

హనుమకొండ విద్యార్థిని:

డి.ఎస్.సి. అన్నయ్యా, ఖర్చు మన మీద పడకూడదనే మాట నాదీ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనే, సంజ్ఞా భాష, బ్రెయిలీ తెలిసిన టీచర్లకు శిక్షణ ఇచ్చి నియమించుకోవాలని ఉంది. వారిలో దివ్యాంగులైన టీచర్లూ ఉండాలని ఉంది. కాబట్టి నేర్పే బాధ్యత ప్రభుత్వానిది, మా కోర్సులోనే ఉండాలి. బధిరులే సంజ్ఞా భాషా బోధకులయ్యేందుకు డిప్లొమా ఉంది. అది చదివిన వారిని ప్రతి బి.ఎడ్. స్పెషల్ కాలేజీలో పెట్టుకుంటే సరిపోతుంది.

కాజీపేట అన్నా, 'ఇవ్వడం' గురించి మీరు రాసింది రాత్రి నాలుగుసార్లు చదివాను. భాషా బోధన పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి, కానీ ఇది నాకు తెలియదు.

పరకాల అమ్మ:

నిన్న రాత్రి పడుకునే ముందు పాప ఇంప్లాంట్ బయటి మెషీన్ తీసేశాక మాట, పాట, బాట అని పెదవులు కదిపి, ఏమన్నానో రాయమన్నాను. మూడుసార్లూ "మాట" అని రాసింది. ఆ తరువాత చాలాసేపు నిద్ర పట్టలేదు. మెషీన్ తీసేశాక తెల్లారేదాకా పాపతో ఏమీ మాట్లాడననే సంగతి ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

అయినా మాట నేర్పడం వెనక్కి పోకూడదన్న నా పట్టు వదలను. పోయిన ఏడాది బడిలో మూడు రోజులు పాప మెషీన్ బ్యాటరీ అయిపోయి ఉంది. టీచరమ్మ గమనించలేదు, "ఈ మధ్య చెప్పిన మాట వినడం లేదు" అని నాకే ఫిర్యాదు చేసింది. థెరపీలో ఆరు శబ్దాల పరీక్ష అని నేర్పారు: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. నోరు కనపడకుండా ఒక్కొక్కటీ పలికి, పాప తిరిగి చెబుతుందా అని చూడటం. రెండు నిమిషాల పని. రోజూ పొద్దున అది చేయడం రాని వాళ్లకూ లైసెన్సు ఇవ్వకూడదు. మీ పరీక్షలో చేతులతో పాటు ఇదీ పెడితే నేను మీ వైపే.

కాజీపేట నుంచి, పుట్టుకతో బధిరుణ్ని:

అమ్మగారూ, ఆ షరతు న్యాయమైనది, ఒప్పుకుంటున్నాను. మెషీన్ పెట్టుకున్న పిల్లలూ మా పిల్లలే. నాదీ ఒక షరతు: సంజ్ఞా భాష పరీక్ష పెట్టేవారిలో కనీసం ఒకరు బధిరులై ఉండాలి. అభ్యర్థి చేసే సంజ్ఞలు నాలాంటి వాడికి అర్థమైతేనే మార్కులు వేయాలి.

హనుమకొండ చెల్లెమ్మా, ఆదివారాలు కాజీపేటలో మేం ఏడెనిమిది మందిమి కలుస్తాం. ఈ ఆదివారం రండి. "రేపు శనివారం" దగ్గర మొదలుపెడదాం.